చారిత్రక నవలను రాజు పేరు చూసి ఎంచుకోవద్దు

నెలకు ఒక్క నవలైనా చదవాలని నియమం పెట్టుకున్నవాళ్ళకీ, నలుగురు కూడి ఒకే పుస్తకం చదివి మాట్లాడుకునేవాళ్ళకీ చారిత్రక నవల వంతు వచ్చినప్పుడే అసలు పేచీ మొదలవుతుంది. సాంఘిక నవలైతే రచయిత పేరు చూసి తీసుకుంటారు. చారిత్రక నవల దగ్గరికొచ్చేసరికి రాజు పేరు చూస్తారు. కాకతీయులా, విజయనగరమా, శాతవాహనులా అన్నది మొదటి ప్రశ్న. సినిమాగా వచ్చిందా అన్నది రెండో ప్రశ్న. 2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ విడుదలైనప్పుడు అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ని మళ్ళీ వెతుక్కున్నవాళ్ళున్నారు. 2022, 2023ల్లో మణిరత్నం ‘పొన్నియిన్ సెల్వన్’ను రెండు భాగాలుగా తీసినప్పుడు కల్కి నవల తెలుగులో దొరుకుతుందా అని అడిగినవాళ్ళున్నారు. ఏదో ఒక వంకతో పుస్తకం చేతిలోకి రావడం మంచిదే. కానీ ఎంచుకోవడానికి రాజు పేరూ సరైన కొలత కాదు, సినిమా పోస్టరూ కాదు. రచయిత తన కల్పనను ఎక్కడ పెట్టాడో చూసి చారిత్రక నవలను ఎంచుకోవాలన్నది నా వాదన. ఆధారం గట్టిగా ఉన్నచోట దానికి ఒదిగి, ఆధారం నోరు విప్పనిచోట ధైర్యంగా ఊహించిన నవలకు ముందు వరస. ఆధారం ఉన్నచోటే దాన్ని పక్కకు నెట్టి, ఖాళీలను మాత్రం ఖాళీగానే వదిలేసిన నవలకు వెనక వరస. ఆ లెక్కన ఈ నెలకు నేను ముందుకు తెచ్చే పేరు బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. ఎందుకో చెప్పాలంటే ముందు మన చరిత్ర ఆధారాలు ఎలాంటివో చూడాలి.

తెలుగు నేల మధ్యయుగ చరిత్రకు ప్రధాన ఆధారం శాసనం. శాసనం చాలావరకు దానపత్రం. ఎవరు ఇచ్చారు, ఏ గుడికి ఇచ్చారు, ఎంత భూమి ఇచ్చారు, ఎవరి పుణ్యం కోసం ఇచ్చారు అన్నవే దానికి పట్టిన సంగతులు. ఇచ్చినవాడి వంశాన్నీ బిరుదులనూ వరసగా చెబుతుంది. ఇచ్చినవాడు రాత్రి ఎందుకు నిద్రపోలేదో చెప్పదు. ద్రాక్షారామం వంటి గుళ్ళలో అఖండదీపం కోసం చేసిన దానాలు చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. దీపం ఆరకుండా వెలగాలంటే రోజూ నెయ్యి కావాలి. అందుకని దాత కొన్ని గొర్రెలనో ఆవులనో బోయలనే కాపరుల చేతిలో పెడతాడు. ఆ మందను మేపుకుంటూ, దాని మీద బతుకుతూ, రోజుకు ఇంత నెయ్యి గుడికి కొలవాలి. ఆ బాధ్యత అతనితో పోదు, అతని పిల్లలకూ వాళ్ళ పిల్లలకూ దిగుతుంది. శాసనంలో కాపరి పేరు కూడా ఉంటుంది. అయితే కరువొచ్చి మంద చచ్చిపోతే అతను నెయ్యి ఎక్కడినుంచి తెచ్చాడు, కొడుకు ఈ కట్టుబాటు నాకొద్దని ఊరు విడిచి వెళ్ళాడా, ఇవేవీ ఉండవు. దాత గురించి పది పంక్తులు, కాపరి గురించి ఒక్క మాట. చారిత్రక నవల పుట్టవలసిన చోటు ఆ ఒక్క మాట చుట్టూ ఉన్న ఖాళీ.

రుద్రమదేవి విషయమే తీసుకుందాం. తెలుగులో అంతగా నవలలకెక్కిన రాణి మరొకరు లేరు. ఆమె గణపతిదేవుడి కూతురని, మగపేరుతో రుద్రదేవ మహారాజుగా పాలించిందని శాసనాల వల్ల తెలుసు. ఆమె కాలంవాడే అయి ఈ తీరాన్ని గురించి చెప్పిన మార్కోపోలో మాత్రం ఆమెను చనిపోయిన రాజు భార్యగా చెప్పాడు. తెలుగులో తర్వాత పుట్టిన ‘ప్రతాపచరిత్ర’ కూడా ఆమెను గణపతిదేవుడి భార్యగానే చెప్పింది. సమకాలికుడు రాసినంత మాత్రాన నిజం కాదనీ, మన భాషలో రాసినంత మాత్రాన నిజం కాదనీ ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది. ఇక ఆమె మరణం. చాలాకాలం పాటు ఆమె 1295 ప్రాంతం వరకూ పాలించిందనే చరిత్రకారులు రాశారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనాన్ని 1970వ దశకంలో పరిష్కరించాక ఆ లెక్క మారింది. 1289 నవంబరు నాటి ఆ శాసనం రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం దానం చేస్తున్నామని చెబుతుంది. వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి అనే చిన్న ఉద్యోగి. ఓరుగల్లును ఏలిన రాణి ఎప్పుడు చనిపోయిందో ఈ రోజు మనకు తెలుస్తున్నది ఇలాంటి ఒక చిన్న కొలువుదారు వల్ల. ఇద్దరూ ఒకేసారి పోయారు కాబట్టి తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే పడిపోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. ఆ పోరు ఎలా జరిగిందో, వార్త ముమ్మడికి ఎలా చేరిందో, తన ప్రభువు పోయాక అతని ఉద్యోగం ఏమయిందో ఎక్కడా లేదు. నవలాకారుడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ 1940వ దశకపు నవల. ఆయన 1952లో కన్నుమూశారు. చందుపట్ల శాసనం ఆయనకు తెలిసే అవకాశం లేదు. కాబట్టి ఏ చారిత్రక నవలనైనా తూచేటప్పుడు ఇప్పుడు మనకు తెలిసిన దాంతో కాదు, రాసిన నాటికి తెలిసిన దాంతో తూచాలి. ఆ తూకంలో బాపిరాజు బాగానే నిలబడతారు. గోన గన్నారెడ్డి కల్పిత వీరుడు కాడు. 1294 నాటి రాయచూరు కోట శాసనం, గోన గన్నయ రెడ్డి ఆనతితో విఠలనాథుడనే సేనాని ఆ కోట కట్టించాడని చెబుతుంది. అప్పటికి గద్దె మీద ఉన్నది రుద్రమ కాదు, ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు. ఆదవాని కోటను గెలుచుకోవడం కూడా ఆ శాసనం చెప్పే విజయాల్లో ఒకటి. బాపిరాజు అంతకు ముందటి గన్నారెడ్డిని ఊహించారు. శాసనం ఎక్కక ముందు, పినతండ్రి చేతిలో రాజ్యం పోగొట్టుకుని గజదొంగగా తిరుగుతూ, లోలోపల రుద్రమకు అండగా నిలిచిన యువకుడిని సృష్టించారు. పెళ్ళిపందిట్లోంచి పెళ్ళికొడుకును ఎత్తుకుపోయే ఘట్టంతో కథను ఉరికించారు. ఆ పెళ్ళికూతురు అన్నాంబికను ఆదవాని ఆడపడుచును చేశారు. శాసనంలో గెలుచుకున్న కోట నవలలో ప్రేమకథకు పుట్టిల్లయింది. ఇదంతా కల్పన. కానీ శాసనం చెప్పిన మాటల్లో ఒక్కదాన్నీ అది కాదనలేదు. శాసనానికి ముందున్న ఖాళీలో నిలబడింది.

ఇంత మెచ్చుకుని ఈ నెలకు దాన్నే ఎందుకు చెప్పడం లేదని అడగవచ్చు. బాపిరాజు ఖాళీని చక్కగా వాడుకున్నారు, కానీ ఆ ఖాళీలోకి పంపింది మళ్ళీ రాకుమారులనూ రాకుమార్తెలనూ సామంతులనూ. వెలుగు ఉన్నచోటే ఇంకో దీపం పెట్టారు. అందుకు ఆయన్ను తప్పుపట్టలేం. నవల పుట్టిన కాలం అలాంటిది. ప్రతి చారిత్రక నవలకూ రెండు కాలాలుంటాయి, కథ జరిగిన కాలం ఒకటి, కథ రాసిన కాలం మరొకటి. తెలుగు చారిత్రక నవల తొలినాళ్ళు చూస్తే ఇది స్పష్టం. చిలకమర్తి లక్ష్మీనరసింహం కలం పట్టిన 1890వ దశకంలో చదువుకున్నవాళ్ళకు అందుబాటులో ఉన్న వీరగాథలు జేమ్స్ టాడ్ రాసిన రాజస్థాన చరిత్రలోవి. అందుకే గోదావరి ఒడ్డున కూర్చున్న రచయితల ఊహ రాజపుత్రుల కోటల చుట్టూ తిరిగింది. 1900లో రాబర్ట్ సూయల్ విజయనగరం మీద పుస్తకం వేశారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం వెలువడింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ వరసలోనే దుగ్గిరాల రాఘవచంద్రయ్య ‘విజయనగర సామ్రాజ్యము’, కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధము’ వంటి నవలలు వచ్చాయి. చెల్లాచెదురైన జాతికి మనకూ ఒక గతం ఉందని చెప్పవలసిన అవసరం అప్పుడుంది. ఆ అవసరానికి రాజులు, రాణులు, గెలిచిన యుద్ధాలు కావలసివచ్చాయి.

ఆ పని పూర్తయింది. ఈనాటి తెలుగు పాఠకుడికి రుద్రమ ఎవరో, కృష్ణదేవరాయలు ఎవరో నవల చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకం చెప్పింది, సినిమా చెప్పింది, కూడలిలో నిలబెట్టిన విగ్రహం చెప్పింది. తెలిసినదాన్నే మళ్ళీ గంభీరంగా చెప్పే నవలతో నెల గడపడంలో తప్పులేదుగానీ, పెద్దగా చేకూరేది కూడా లేదు. పైగా అలాంటి చదువులో ఒక ప్రమాదముంది. ఫలానా రాజు మా ప్రాంతంవాడు, మా కులంవాడు అనే పట్టింపు ముందే మనసులో ఉంటే, చదువు దాన్ని గట్టిపరచడానికే పనికొస్తుంది. నచ్చిన పేజీ దగ్గర ఛాతీ పొంగుతుంది, నచ్చని పేజీ దగ్గర రచయిత మీద కోపమొస్తుంది. రెండు చోట్లా కొత్తగా తెలిసిందేమీ ఉండదు.

కల్పన ఎక్కడ పడిందన్న కొలత ఎంత పదునైనదో ఒకే రచయిత రెండు రకాల రచనల మీద పెట్టి చూడవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ మధుర నాయకుల కాలపు కథ. ఇద్దరు ప్రాణమిత్రులు. ఒకరు వలచిన స్త్రీని తెలియక ఇంకొకరు పెళ్ళాడతారు. ఆ మిత్రులూ వాళ్ళ భార్యలూ, ఈ నలుగురూ చరిత్రలో లేరు. తమిళ దేశంలో తెలుగు నాయకుల ఏలుబడి, ఆ కొలువుల మర్యాద, ఆ నగరం మాత్రం ఉన్నాయి. కల్పన అంతా మనుషుల లోపలే జరిగింది. అందుకే అది నేటికీ చెక్కుచెదరలేదు. అదే విశ్వనాథ పన్నెండు నవలల ‘పురాణవైర గ్రంథమాల’లో మరో పని తలకెత్తుకున్నారు. పాశ్చాత్యులు కట్టిన మన కాలక్రమమంతా తప్పని, పురాణాల రాజవంశావళే ఒప్పని నిరూపించదలచారు. ఇక్కడ కల్పన మనుషులను దాటి తేదీల మీదికి వెళ్ళింది. తేదీల విషయంలో మాత్రం ఆధారం మౌనంగా లేదు. అశోకుడి పదమూడో శిలాశాసనం ఐదుగురు యవన రాజులను పేరుపేరునా చెబుతుంది. ఆ రాజుల కాలం గ్రీకు చరిత్ర ద్వారా వేరేగా తెలుసు. అశోకుడి శిలాశాసనాలు ఎక్కడో పరదేశంలో లేవు, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనే బండల మీద ఉన్నాయి. అంత గట్టి సాక్ష్యాన్ని కథ ఎంత గొప్పగా చెప్పినా కదిలించలేదు. ఆ నవలల్లో భాష, కథనం, పాత్రపోషణ గొప్పవి కావచ్చు. వాటిని సాహిత్యంగా చదవండి. నెలకు ఒక్క చారిత్రక నవలే అనుకున్నవాళ్ళు మాత్రం వాటితో మొదలుపెట్టవద్దు.

పొరుగు తమిళంలో ఈ ఒదుగు ఎలా ఉంటుందో కల్కి చూపించారు. 1950 నుంచి 1954 దాకా వారంవారం వచ్చిన ‘పొన్నియిన్ సెల్వన్’కు మూలం ఒక హత్య. చోళ యువరాజు ఆదిత్య కరికాలుణ్ణి చంపిన ద్రోహుల ఆస్తుల గురించి రాజరాజ చోళుడి తొలి ఏళ్ళ నాటి ఉడైయార్గుడి శాసనం చెబుతుంది. చంపినవాళ్ళ పేర్లు కూడా ఇస్తుంది. చంపించింది ఎవరో, ఎందుకో చెప్పదు. కల్కి వేల పేజీలు ఆ చెప్పని చోటనే రాశారు, చెప్పిన పేర్లను మార్చలేదు. ఆ కథలోని కుందవై మేనకోడలికీ అదే పేరు. రాజరాజ చోళుడి కూతురైన ఈ రెండో కుందవై వేంగి చాళుక్య విమలాదిత్యుణ్ణి పెళ్ళాడింది. వాళ్ళ కొడుకే నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు. అంచేత ఆ నవల మనకు పరాయిది కాదు. అయినా అదీ రాజకుటుంబం కథే. మన భాషలో రాజకుటుంబాన్ని దాటి ఖాళీలోకి వెళ్ళిన చారిత్రక నవల కావాలి.

‘శప్తభూమి’ అలాంటి నవల. తానా నవలల పోటీ ద్వారా వెలుగులోకి వచ్చి, 2019కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. కథాకాలం పద్దెనిమిదో శతాబ్దం, స్థలం హండే పాలకుల ఏలుబడిలోని అనంతపురం సీమ. విజయనగరం కూలి రెండు వందల ఏళ్ళయింది. పైన మొగలు, మరాఠా, మైసూరు, నిజాం శక్తులు ఒకరి తర్వాత ఒకరు కప్పం అడుగుతున్నారు. కింద పాళెగాళ్ళు ఒకరితో ఒకరు తలపడుతున్నారు. అందరికంటే కింద గొర్రెలు మేపుకునేవాళ్ళు, అంటరానివాళ్ళని ఊరిబయట పెట్టినవాళ్ళు, దేవుడికిచ్చామనే పేరుతో బసివిరాళ్ళుగా వదిలిన ఆడపిల్లలు ఉన్నారు. కొలువులో జరిగే కుట్ర కూడా నవలలో ఉంది, అయితే అది కరువు పక్కన, ఆకలి పక్కన, చెరువు నీటి పక్కన కనిపిస్తుంది. ద్రాక్షారామం శాసనంలో ఒక్క మాటగా మిగిలిపోయిన కాపరికి ఇక్కడ ఇల్లుంది, నోరుంది, ఆశ ఉంది, తప్పు చేసే స్వేచ్ఛ కూడా ఉంది. అదీ రాయలసీమ మాటలో.

ఈ నవలను ఎంచుకోవడానికి ఇంకో కారణం, దాని పక్కన పెట్టుకుని చూడడానికి తెలుగులోనే ఒక పాత ఆధారం ఉండడం. సి.పి. బ్రౌన్ 1853లో మద్రాసులో అనంతపురం సంస్థాన చరిత్రను అచ్చు వేయించారు. 1750కీ 1810కీ మధ్య స్థానికులు రాసిన తెలుగు వచనమది. దానికి బ్రౌన్ పెట్టిన ఇంగ్లీషు పేరు చెప్పేది రాజుల యుద్ధాల గురించే. ఎవరు ఎవరి మీదికి దండెత్తారు, ఎంత కప్పం కట్టారు, ఏ కోట చేతులు మారింది అన్నవే దాని సంగతులు. ఆ కాలంలో దేశీయులు తమ చరిత్రను తమ మాటల్లో రాసుకున్న తీరు తెలుసుకోవడానికి అది అమూల్యమైన పుస్తకం. దండు నడిచిన దారిలో పైరు ఏమయిందో, కప్పం ఎవరి గాదెలోంచి వచ్చిందో మాత్రం దానికి ముఖ్యం కాదు. ‘శప్తభూమి’ కల్పన పడింది సరిగ్గా అక్కడ. పాత చరిత్ర రాజుల గురించి చెప్పినచోట నవల ఆ చట్రంలో ఉంటుంది, చెప్పనిచోట నవల మాట్లాడుతుంది.

ఈ ఎంపికకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆధారమే లేనిచోట కల్పించే రచయితను అడ్డుకునేదెవరు? రాజు గురించి అబద్ధం రాస్తే శాసనం తెచ్చి పట్టుకోవచ్చు. కాపరి గురించి ఏం రాసినా కాదనే సాక్ష్యం ఉండదు. ఇరవై ఒకటో శతాబ్దపు కులరాజకీయాన్నో స్త్రీవాదాన్నో తెచ్చి పద్దెనిమిదో శతాబ్దపు నోట్లో పెట్టేయవచ్చు కదా? పెట్టేయవచ్చు. కొందరు పెడతారు కూడా. ‘శప్తభూమి’ కూడా మన కాలపు నవలే, దళిత సాహిత్యమూ రాయలసీమ ఉద్యమమూ లేకపోతే ఈ రూపంలో పుట్టేది కాదు. అయితే కాదనే సాక్ష్యం అసలు లేదనడం పూర్తిగా నిజం కాదు. ఒక్క కాపరి గురించి రాత లేకపోవచ్చు, కాపరుల బతుకు గురించి ఉంది. కైఫీయతుల్లో ఉంది, పన్నుల లెక్కల్లో ఉంది, 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక మన్రో వంటి అధికారులు రాసిన నివేదికల్లో ఉంది, జానపద గేయాల్లో ఉంది. వర్షం ఎంత పడుతుంది, ఏ పంట పండుతుంది, ఏ కులం ఏ బావి తోడుతుంది అన్న విషయాలు నవలను అడుగడుగునా నిలదీస్తాయి. వీరుడి కత్తి నవల కన్నా కరువు నవల రాయడం కష్టం కావడానికి కారణం ఇదే. కత్తి ఎంత పొడవని ఎవరూ అడగరు. చెరువు కింద ఎన్ని ఎకరాలు పారుతుందో రైతు పాఠకుడు అడుగుతాడు.

రెండో అభ్యంతరం, చరిత్ర కావాలంటే చరిత్రే చదవవచ్చు కదా అన్నది. చదవాలి. 1949లో వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇంట్లో ఉండవలసిన పుస్తకం. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. రాజుల వరసను వదిలేసి తిండి, బట్ట, ఆట, నగ, మూఢనమ్మకం లెక్క తీసిన గ్రంథం అది. గమనించండి, సురవరం తన ఆధారాలను ఎక్కువగా ఎక్కడినుంచి తెచ్చారు? కావ్యాలనుంచి. ‘క్రీడాభిరామం’లో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ, ఒక రూకకు కడుపునిండా భోజనం పెట్టే పూటకూళ్ళ ఇంటి గురించి చెప్పుకుంటారు. ఏ శాసనమూ చెప్పని ఆ భోజనం ధరను, ఆ వంటకాలను భద్రపరచింది కల్పితమైన ఒక వీథినాటకం. అంటే చరిత్రకారుడే తన పనికి సాహిత్యం దగ్గరికి రావలసివచ్చింది. చరిత్ర, నవల పోటీదారులు కావు. చరిత్ర మనకు ఏది జరిగిందో చెబుతుంది, మంచి నవల అది జరిగినప్పుడు ఆ మనుషుల ముందు ఇంకే దారులున్నాయో చూపిస్తుంది. ఏం జరుగుతుందో మనకు ముందే తెలుసు, వాళ్ళకు తెలియదు. ఆ తెలియనితనాన్ని పాఠకుడికి తిరిగి ఇవ్వడం నవలకు మాత్రమే చేతనైన పని.

మూడోది సూటి మాట. నవల చదివేది సరదాకు, ఈ పరీక్షలన్నీ ఎందుకు? సరదాకు నేను వ్యతిరేకిని కాను. పెళ్ళికొడుకును ఎత్తుకుపోయే గన్నారెడ్డి ఇచ్చే ఉత్సాహాన్ని ‘శప్తభూమి’ ప్రతి పేజీలో ఇవ్వదు. కొన్నిచోట్ల చేదు మింగినట్టే ఉంటుంది. కానీ ఉత్కంఠ కత్తులతోనే పుట్టదు. తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ ఇన్ని దశాబ్దాలుగా తెలుగువాళ్ళను వదలకపోవడానికి యుద్ధాలొక్కటే కారణం కాదు. లోకమంతా రాక్షసుడని చెప్పుకున్నవాణ్ణి గోబీ ఎడారిలో ఆకలితో, పగతో, పరస్పరం చంపుకునే తెగల మధ్య పెరిగిన పిల్లవాడిగా సూరి చూపించారు. అతను అలా ఎందుకయ్యాడన్న ప్రశ్నే పేజీలు తిప్పిస్తుంది. రాయలసీమ ఎందుకిలా అయిందన్న ప్రశ్నకూ అంతే పట్టు ఉంది. ఇక మాండలికం అర్థం కాదనే భయం. మొదటి కొన్ని పేజీలు నెమ్మదిగా సాగవచ్చు. కోస్తా తెలుగును అనంతపురం పిల్లలు తరతరాలుగా పాఠ్యపుస్తకాల్లో చదివి అర్థం చేసుకున్నారు. అవతలివాళ్ళు ఒక్క నెల ఆ కష్టం పడితే మునిగిపోయేది లేదు.

చివరిగా, ఇది రాజుల నవలలను అటకెక్కించమనే వాదన కాదు. వరస మార్చమనే వాదన. ముందు ‘శప్తభూమి’ చదివి, ఆ తర్వాతి నెల ‘గోన గన్నారెడ్డి’నో నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’నో పట్టుకుంటే, అదే పాత నవల వేరుగా కనిపిస్తుంది. సామంతుల గుర్రాలు పరుగెత్తేచోట వాటికి గడ్డి కోసింది ఎవరన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. అంతఃపురం వెలుగుతుంటే నెయ్యి కొలిచిందెవరని అడగాలనిపిస్తుంది. వరస తిరగేస్తే ఈ లాభం ఉండదు, రాజుల కథకు అలవాటుపడిన కన్ను కాపరిని పక్కపాత్రగానే చూస్తుంది. కాబట్టి ఏ చారిత్రక నవలనైనా కొనేముందు మూడు విషయాలు చూడండి. రాసిన సంవత్సరం చూడండి, ఆనాటికి ఏ ఆధారాలు తెలుసో దాన్నిబట్టి తేలుతుంది. ముందుమాట చూడండి, ఏది ఆధారం ఏది కల్పన అన్నది నిజాయితీగా చెప్పే రచయిత అక్కడే చెబుతాడు. ఆపైన మధ్యలో ఎక్కడైనా నాలుగు పేజీలు తెరిచి, కిరీటం లేని మనిషి ఒక్కడైనా తన పని తాను చేసుకుంటూ, తన మాట తాను మాట్లాడుతూ కనిపిస్తున్నాడేమో చూడండి. కనిపిస్తే ఆ పుస్తకానికి మీ నెల ఇవ్వవచ్చు.